మూడో శరణం మన హాస్టల్ బోర్డు మీదే ఉంది

– హాస్టల్ పూర్వ విద్యార్థి, ఎం.ఏ. (చరిత్ర)

కిందటి సంవత్సరం వార్షికోత్సవం రోజున బాబాసాహెబ్ ఫోటోకూ బుద్ధుని బొమ్మకూ పూలమాలలు వేశాక, నలుగురు తమ్ముళ్ళు వేదిక ఎక్కి త్రిశరణాలు చెప్పారు. మనమంతా లేచి నిలబడి, చేతులు జోడించి వాళ్ళతోపాటు మూడుసార్లు పలికాం. తర్వాత ముఖ్య అతిథి ఉపన్యాసం, బహుమతులు, భోజనాలు. ఆ రాత్రి కంచాలు కడిగే కుళాయి దగ్గర తొమ్మిదో తరగతి తమ్ముడొకడు నన్నడిగాడు: "అన్నా, శరణం అంటే కాళ్ళ మీద పడటమే కదా? మన తాతలు ఊళ్ళో అందరి కాళ్ళ మీదా పడ్డారు. మళ్ళీ మనం బుద్ధుడి కాళ్ళ మీద కూడా పడాలా?"

"పెద్దయ్యాక తెలుస్తుందిలే" అని తప్పించుకున్నాను. నిజం చెప్పాలంటే నాకే తెలియదు. చరిత్రలో ఎం.ఏ. చదువుతున్నవాణ్ణి, ఎన్నోసార్లు ఆ మాటలు పలికినవాణ్ణి, వాటి అర్థం ఏనాడూ ఆలోచించలేదు. ఆ తమ్ముడికి బాకీపడ్డ జవాబే ఈ వ్యాసం.

శరణం అంటే ఏమిటి?

మన తెలుగులో 'శరణు' అనే మాట ఓడిపోయినవాడి మాట అయిపోయింది. యుద్ధంలో ఓడినవాడు శరణంటాడు, తప్పు చేసినవాడు శరణంటాడు. అందుకే ఆ తమ్ముడికి అనుమానం వచ్చింది. కానీ పాళీలో శరణం అంటే ఆశ్రయం, రక్షణ దొరికే చోటు. దాని పక్కనున్న 'గచ్ఛామి' అనే మాట చూడండి. 'నేను వెళుతున్నాను' అని దాని అర్థం. ఎవరూ ఈడ్చుకుపోవడం లేదు, ఎవరూ తోయడం లేదు. నా కాళ్ళతో నేను నడిచి వెళుతున్నాను. ఇది కాళ్ళ మీద పడే మాట కాదు, కాళ్ళ మీద నిలబడే మాట. మూడుసార్లు ఎందుకు చెప్పాలంటే, నా ఉద్దేశంలో, పొరపాటున నోరు జారిన మాట కాదని మనకు మనమే గట్టి చేసుకోవడానికి.

బుద్ధుడు తన చివరి రోజుల్లో ఆనందుడితో చెప్పిన విషయం కూడా ఇదే. ఎవరికి వారే ఆశ్రయం కావాలనీ, తన తర్వాత ధమ్మమే గురువనీ చెప్పాడు తప్ప, ఫలానావాడు నా వారసుడు, వాడికి మొక్కండి అని చెప్పలేదు. తనకు మొక్కితే పాపాలు పోతాయనీ చెప్పలేదు.

బాబాసాహెబ్ ఎన్నేళ్ళు ఆలోచించారు?

1935లో యేవలాలో జరిగిన సభలో బాబాసాహెబ్ తాను హిందువుగా చనిపోనని ప్రకటించారు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో కుశీనగర్ నుండి వచ్చిన వృద్ధ భిక్షువు చంద్రమణి దగ్గర త్రిశరణాలు, పంచశీలాలు స్వీకరించారు. మధ్యలో గడిచినవి 21 సంవత్సరాలు! అంతటి విద్వాంసుడు 21 ఏళ్ళు చదివి, తూచి, ప్రశ్నించి వేసిన అడుగును మనం రెండు నిమిషాల కార్యక్రమంగా మార్చేశాం.

నిజానికి ఆయనలో బీజం అంతకంటే ముందే, విద్యార్థిగా ఉన్నప్పుడే పడింది. కృష్ణాజీ అర్జున్ కేలుస్కర్ అనే ఉపాధ్యాయుడు తాను మరాఠీలో రాసిన బుద్ధుని జీవిత చరిత్రను ఆయనకు బహుమతిగా ఇచ్చారు. ఒక విద్యార్థి చేతిలో ఒక పెద్దమనిషి పెట్టిన ఒక పుస్తకం. దాని ఫలితం దాదాపు యాభై ఏళ్ళకు నాగపూర్‌లో కనిపించింది. మన ప్రత్యేక అతిథులు శాలువాలకు బదులు పుస్తకాలు తెస్తే బాగుంటుందని నేను అనడానికి కారణం ఇదే.

ఆ రోజు నాగపూర్‌లో జరిగిన ఇంకో విషయం మనం గమనించాలి. తాను దీక్ష తీసుకున్నాక, అక్కడ చేరిన లక్షల మందికి బాబాసాహెబ్ స్వయంగా దీక్ష ఇచ్చారు, 22 ప్రతిజ్ఞలు చేయించారు. ఒక్కడే వెళ్ళి ఒక విహారంలో దీక్ష తీసుకుని రావచ్చు కదా? అలా చేయలేదు. తనవారినందరినీ వెంటబెట్టుకుని వెళ్ళారు. ఆ తర్వాత రెండు నెలలు కూడా ఆయన బతకలేదు. డిసెంబర్ 6న కన్నుమూశారు. బతికున్న చివరి రోజుల్లో ఆయన చేసిన పెద్ద పని ఒక సంఘాన్ని నిలబెట్టడం.

మొదటి రెండు శరణాలు

మొదటి శరణం బుద్ధుడు. బుద్ధుణ్ణి మనం బాగానే చూశాం. హైదరాబాద్ విహారయాత్రకు వెళ్ళిన ప్రతి హాస్టల్ బ్యాచీ హుస్సేన్ సాగర్ మధ్యలో 1992లో నిలబెట్టిన విగ్రహం ముందు ఫోటో దిగింది. కానీ చూడటం వేరు, ఆయన్ను గురువుగా తీసుకోవడం వేరు. గురువు దగ్గర మనం కోర్కెలు కోరం, పాఠం నేర్చుకుంటాం. బుద్ధుని బొమ్మకు కొబ్బరికాయ కొట్టి ఫస్ట్ క్లాసు రావాలని మొక్కుకుంటే అది శరణం కాదు, పాత అలవాటుకు కొత్త బొమ్మ.

రెండో శరణం ధమ్మం. ప్రాణం తీయను, దొంగతనం చేయను, లైంగికంగా తప్పుగా ప్రవర్తించను, అబద్ధమాడను, మత్తు ముట్టను అనే పంచశీలాలు మనలో చాలామందికి కంఠతా వచ్చు. పాటించేవాళ్ళెందరో ఎవరికి వారే చెప్పుకోవాలి. అయితే ధమ్మంలో నాకు బాగా నచ్చింది వేరే ఉంది. పెద్దలు చెప్పారనో, గ్రంథంలో ఉందనో, అందరూ అంటున్నారనో దేన్నీ నమ్మవద్దని, మీకు మీరు పరీక్షించి మంచిదైతేనే తీసుకోమని కాలాములు అనే ప్రజలకు బుద్ధుడు బోధించాడు. ప్రశ్న అడిగితే దెబ్బలు తినే ఊళ్ళ నుండి వచ్చిన మనకు ఇంతకంటే కావలసిందేముంది?

మూడో శరణం ఎక్కడుంది?

ఈ రెండింటి గురించి ఉపన్యాసాలు వింటూనే ఉంటాం. మూడోదైన సంఘం దగ్గరకు వచ్చేసరికి, అది కాషాయం కట్టిన భిక్షువులకు సంబంధించినదిలే అని వదిలేస్తాం. మన దగ్గర భిక్షువులెక్కడున్నారు? అందుకే మూడో శరణం మన నోట్లోనే మిగిలిపోయింది.

ఇప్పుడు ఒక్కసారి బయటికి వెళ్ళి మన గేటు మీది బోర్డు చదవండి. 'సాంఘిక సంక్షేమ వసతి గృహం'. 'సాంఘిక' అంటే సంఘానికి చెందినది. ఎన్ని వందలసార్లు ఆ బోర్డు కింద నడిచాం! మనమేమో 'సోషల్ వెల్ఫేర్' అని పొట్టిగా పిలిచి, ఊళ్ళోవాళ్ళు అదే మాటను ఎగతాళిగా అంటే తలదించుకున్నాం. ఆ బోర్డు రాసినవారు బౌద్ధాన్ని తలచుకుని రాశారని నేననడం లేదు. కానీ ఆ మాట అక్కడుంది. దానికి అర్థం కల్పించాల్సింది మనమే.

సంఘం అంటే గుంపు కాదు. దానికి పద్ధతులున్నాయి. మూడింటిని చెబుతాను.

మొదటిది. కొందరు శాక్య రాజకుమారులు సంఘంలో చేరడానికి వచ్చినప్పుడు వాళ్ళ వెంట మంగలి ఉపాలి కూడా వచ్చాడు. సంఘంలో ముందు చేరినవారికి తర్వాత చేరినవారు నమస్కరించాలి. అందుకని ఆ కుమారులే, మా గర్వం అణగాలి, ముందు ఉపాలికి దీక్ష ఇవ్వండి అని బుద్ధుణ్ణి కోరారు. అలాగే జరిగింది. బుద్ధుని తర్వాత రాజగృహంలో జరిగిన మొదటి సంగీతిలో సంఘ నియమాలన్నీ అప్పగించింది ఆ ఉపాలే. అంటే సంఘంలో పెద్దరికం పుట్టుకతో వచ్చేది కాదు, వచ్చిన వరసనుబట్టి, నేర్చిన విద్యనుబట్టి వచ్చేది.

రెండోది. ఒక భిక్షువుకు విరేచనాలు పట్టుకున్నాయి. లేవలేక తన మలమూత్రాల్లోనే పడివున్నాడు. అతను ఎవరికీ ఉపయోగపడడని తోటివాళ్ళు పట్టించుకోలేదు. బుద్ధుడు అది చూసి, ఆనందుడితో నీళ్ళు తెప్పించి, తన చేతులతో అతణ్ణి కడిగి మంచం మీద పడుకోబెట్టాడు. తర్వాత అందరినీ పిలిచి, మీకు ఇక్కడ తల్లీ తండ్రీ లేరు, ఒకరినొకరు చూసుకోకపోతే ఇంకెవరు చూస్తారని మందలించాడు. ఈ కథ చదివినప్పుడు నాకు మన డార్మెటరీయే కళ్ళముందు కదిలింది. తల్లీ తండ్రీ పక్కన లేని పిల్లలకు జ్వరమొస్తే నీళ్ళగ్లాసు ఇచ్చేది పక్క చాపమీదివాడే కదా!

మూడోది. సంఘంలో నిర్ణయాలు అందరినీ కూర్చోబెట్టి, అభిప్రాయభేదం వస్తే శలాకలనే చిన్న పుల్లలు పంచి, ఓటు లెక్కించి చేసేవారు. 1949 నవంబర్ 25న రాజ్యాంగసభలో బాబాసాహెబ్ ఈ విషయమే గుర్తుచేస్తూ, ప్రజాస్వామ్య పద్ధతులు భిక్షు సంఘాలకు ఆనాడే తెలుసన్నారు. సోదరభావం లేకపోతే స్వేచ్ఛ, సమానత్వం పైపూతలుగానే మిగులుతాయని హెచ్చరించింది కూడా ఆ ఉపన్యాసంలోనే. 1954లో ఆకాశవాణిలో మాట్లాడుతూ, ఈ మూడు విలువలనూ తాను ఫ్రెంచి విప్లవం నుండి కాదు, బుద్ధుని బోధ నుండి తీసుకున్నానని చెప్పారు. మన మెస్ కమిటీ ఎన్నికను తేలిగ్గా తీసుకునే మిత్రులు ఇది గుర్తుంచుకోవాలి.

మన అద్దంలో మన ముఖం

ఇక చేదు మాట చెప్పాలి. పండుగ సంచికలో ఇదెందుకని కొందరికి కోపం రావచ్చు.

మనం నిజంగా సంఘంగా ఉన్నామా? గదులు పంచుకునేటప్పుడు మాలవాళ్ళొకవైపు, మాదిగవాళ్ళొకవైపు సర్దుకున్న సంవత్సరాలు లేవా? రెల్లి తమ్ముడొకడు వస్తే వాడి ట్రంకు పెట్టెను తలుపు పక్కకు జరిపిన రోజులు లేవా? బయటివాళ్ళు మనల్ని ఊరవతల ఉంచారని కథలు రాస్తాం, పాటలు పాడతాం. మన గదిలోనే ఒక ఊరవతల తయారుచేశాం.

నేను నీతులు చెప్పే అర్హత ఉన్నవాణ్ణి కాదు. ఇంటర్ మొదటి సంవత్సరంలో నా పక్కన చాప వేసుకున్న కుర్రాడి ఉపకులం తెలిశాక, ఫ్యాను గాలి పడటంలేదనే సాకుతో నేను చోటు మార్చుకున్నాను. వాడు ఏమీ అనలేదు. పరీక్షల ముందు నాకు టైఫాయిడ్ వచ్చి పడిపోతే రెండు రోజులు ఆసుపత్రిలో నా పక్కన కూర్చున్నది వాడే. నేను ఏ ఉపకులమో ఇక్కడ రాయను. రాస్తే సగం మంది ఇక్కడే చదవడం ఆపేస్తారు. మన జబ్బు ఎంత ముదిరిందో చెప్పడానికి ఆ ఒక్క మాట చాలు.

2024 ఆగస్టులో ఉపవర్గీకరణ రాష్ట్రాలు చేయవచ్చని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. దానిమీద మనలో రెండు అభిప్రాయాలున్నాయి, ఉండనివ్వండి. అది వాటాల విషయం. వాటా ఎంతో కోర్టులూ ప్రభుత్వాలూ తేలుస్తాయి. కానీ ఒకే పళ్ళెంలో తినగలమా లేదా అన్నది ఏ కోర్టూ తేల్చదు. వాటాకోసం వాదించుకున్నవాళ్ళు కూడా రాత్రి ఒకే వరసలో కూర్చుని అన్నం తినవచ్చు. అది చేతకాకపోతే మూడో శరణం పలికే హక్కు మనకు లేదని నా అభిప్రాయం.

అమరావతి రాతి మీద ఒక పేరు

బౌద్ధం మనకు మహారాష్ట్ర నుండి వచ్చిన కొత్త సంగతి అనుకునేవారికి ఒక మాట. అమరావతి, భట్టిప్రోలు, ఘంటసాల, నాగార్జునకొండ, గుంటుపల్లి, శాలిహుండం, ధూళికట్ట, ఫణిగిరి... ఇవన్నీ మన నేల మీదివే. వీటిని పోటీ పరీక్షలకు బట్టీపట్టాం. అక్కడ ఎవరున్నారో మాత్రం అడగలేదు.

అమరావతి స్తూపానికి రాళ్ళు రాజులే ఇవ్వలేదు. మామూలు మనుషులిచ్చారు. వాటిలో పూర్ణఘటం చెక్కిన ఒక రాతిపలక మీద దాత పేరుంది. ఆయన పేరు విధికుడు. వృత్తి చర్మకారుడు. నాగుడనే ఉపాధ్యాయుని కొడుకునని చెప్పుకున్నాడు. తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్ళు, బంధుమిత్రులు అందరితో కలిసి ఈ దానం చేస్తున్నానని రాయించాడు. తోలుపని చేసేవాడు, చదువు చెప్పేవాని కొడుకు, తన వృత్తిని దాచుకోకుండా రాతి మీద చెక్కించుకున్నాడు! క్లాసులో ఈ శాసనం గురించి విన్న రోజు నాకు అన్నం సహించలేదు. నాన్న వృత్తి ఏమిటని అడిగితే 'వ్యవసాయం' అని అబద్ధం రాసిన దరఖాస్తులు ఎన్నో నాకు గుర్తొచ్చాయి. దాదాపు రెండు వేల ఏళ్ళ కింద విధికునికి లేని సిగ్గు నాకెందుకొచ్చింది? ఆయన వెనక ఒక సంఘం ఉంది. అదీ తేడా.

రెండు సందేహాలు

మిత్రులు తరచుగా అడిగే మొదటి సందేహం సర్టిఫికెట్ గురించి. బౌద్ధం తీసుకుంటే ఎస్.సి. హోదా పోతుందా? పోదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మొదట హిందువులకే పరిమితమైంది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను అందులో చేర్చారు. క్రైస్తవం తీసుకున్నవారికి మన దగ్గర బి.సి.-సి వర్తిస్తుంది, బౌద్ధుల విషయం అది కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 84 లక్షల పైచిలుకు బౌద్ధులుంటే వారిలో 65 లక్షల మంది మహారాష్ట్రలోనే ఉన్నారు. హోదా పోతుందన్న భయం ఒక్కటే అడ్డమైతే, ఆ భయానికి చట్టంలో ఆధారం లేదు.

రెండో సందేహం అమ్మ. ఇది చట్టం తీర్చేది కాదు. 22 ప్రతిజ్ఞల్లో దేవతలను పూజించనని ఉంది. మా అమ్మ ఏటా ముత్యాలమ్మకు పొంగలి పెడుతుంది. నాకు చిన్నప్పుడు జ్వరమొస్తే డబ్బుల్లేక ఆమె చేయగలిగింది ఆ మొక్కు ఒక్కటే. హాస్టల్లో నాలుగు పుస్తకాలు చదివొచ్చి ఆమె పొంగలి గిన్నెను తన్నేవాడు బౌద్ధుడు కాడు, పొగరుబోతు. నేను ఆ మొక్కు మొక్కను, ఆమెను వెక్కిరించను. బాబాసాహెబ్‌కే 21 ఏళ్ళు పట్టింది. అమ్మకు ఎన్నేళ్ళు పట్టినా ఆమె ఇష్టం. నా నడత చూసి ఆమెకు అడగాలనిపిస్తే అప్పుడు చెబుతాను.

మనం చేయవలసింది

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. డిగ్రీ దరఖాస్తు నింపడం మా నాన్నకు తెలియదు. నింపింది ఈ హాస్టల్ సీనియర్. పరీక్ష ఫీజు కట్టడానికి ఆఖరి రోజున వంద, రెండువందలు పోగుచేసింది నా గదిలోని నలుగురు. అప్పుడు దానికి పేరు తెలియదు. అదే సంఘం.

కాబట్టి ఇప్పుడు హాస్టల్లో ఉన్న తమ్ముళ్ళకు నా విన్నపం. గదులు చీటీలు వేసి పంచుకోండి. ఉపకులం చూడకండి. జబ్బుపడినవాడి దగ్గర రాత్రిపూట ఎవరు ఉండాలో వంతులు రాసి గోడకు అంటించండి. మెస్ కమిటీలో ప్రతి తరగతికీ ఓటు ఉండాలి, లెక్క అందరి ముందూ చదవాలి. కొత్తగా వచ్చినవాణ్ణి ఏడిపించడం మానేసి, వాడి పెట్టె మోయండి.

ఉద్యోగాలు వచ్చిన అన్నలకు కూడా ఒక మాట. 1925లోనే బాబాసాహెబ్ నడిపిన బహిష్కృత హితకారిణి సభ షోలాపూర్‌లో విద్యార్థులకు హాస్టల్ తెరిచింది. ఆయన బొంబాయిలో పెట్టిన కాలేజీకి సిద్ధార్థ అనీ, ఔరంగాబాద్ కాలేజీకి మిలింద అనీ బౌద్ధం పేర్లే పెట్టారు. దీక్ష తీసుకోకముందే ఆయన విద్యార్థులకు ఆశ్రయం కట్టారు. మీరు ఏడాదికొకసారి వచ్చి వేదిక మీద కూర్చోవడం మాకు సంతోషమే. దానికంటే, నెలకొక ఆదివారం వచ్చి పదో తరగతివాళ్ళకు లెక్కలు చెప్పండి, ఇంటర్ పిల్లలకు దరఖాస్తులు నింపండి. కారు గేటు బయట ఆపి, పాత చాప మీద కాసేపు కూర్చోండి.

నా సంగతి చెబుతాను. వచ్చే అక్టోబర్‌లో దీక్ష తీసుకోవాలని నిర్ణయించుకున్నాను. అయితే దానికి ముందు చేయవలసిన పని ఒకటుంది. చాప మార్చుకున్నందుకు ఏడేళ్ళ తర్వాత ఆ మిత్రునికి క్షమాపణ చెప్పాలి. వాడి ఊరు తెలుసు, వెళ్తాను. ఆ పని చేయకుండా మూడో శరణం పలికితే నా గొంతులోనే అడ్డం పడుతుంది.

తమ్ముడూ, నువ్వడిగినదానికి జవాబు ఇది. ఎవరి కాళ్ళ మీదా పడనక్కరలేదు. నీ పక్కన చాప వేసుకున్నవాడి చెయ్యి పట్టుకో. వాడెవరైనా సరే పట్టుకో. శరణం అక్కడే మొదలవుతుంది.

జై భీమ్!